సెల్ఫ్ డిఫెన్స్: ఈ మాట ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

సెల్ఫ్ డిఫెన్స్ అంటే ఏంటి అని ఎవర్ని అడిగినా ఆత్మరక్షణ అని టక్కున చెప్పేస్తారు, కరాటే క్లాసుల బోర్డుల మీద చూసి చూసి అందరికీ అలవాటైపోయిన మాట అది. చిక్కంతా దాన్ని వాక్యంలో పెట్టేటప్పుడే వస్తుంది. ఇన్ సెల్ఫ్ డిఫెన్స్ అనాలా ఫర్ సెల్ఫ్ డిఫెన్స్ అనాలా, ఐ సెల్ఫ్ డిఫెండెడ్ అనొచ్చా, హెల్మెట్ పెట్టుకోవడం కూడా సెల్ఫ్ డిఫెన్సేనా, పేపర్లో "ఆత్మరక్షణలో పడ్డ ప్రభుత్వం" అని రాస్తే దాన్ని ఇంగ్లీష్‌లో ఎలా చెప్పాలి, ఇలాంటివి. ఇవన్నీ విడివిడిగా బట్టీ పట్టక్కర్లేదు, ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలావరకు తేలిపోతాయి. ఇక్కడ దాడి ఉందా లేదా? అంతే.

ఎందుకంటే డిఫెండ్ అనే మాట కడుపులోనే దాడి ఉంది. లాటిన్‌లో డెఫెండెరె అంటే మీదకొచ్చే దెబ్బని అవతలకి నెట్టెయ్యడం, అందులో ఫెండెరె అనే ముక్కకి కొట్టడం అని అర్థం. అదే ముక్క అఫెండ్‌లో కూడా ఉంది, అక్కడేమో మనమే వెళ్లి తగలడం. స్థలం చుట్టూ వేసే ఫెన్స్ ఉంది చూశారా, అది కూడా డిఫెన్స్‌లో ముందు ముక్క రాలిపోగా మిగిలిన మాటే, కత్తులు పట్టుకుని ఆడే ఫెన్సింగ్ కూడా ఆ కుటుంబమే. కాబట్టి డిఫెండ్ అన్నామంటే ఎదురుగా ఎవరో ఒకళ్లు ఉండాలి, లేకపోతే కనీసం వస్తారనే లెక్కన్నా ఉండాలి.

ప్రొటెక్ట్‌కి ఆ గొడవ లేదు. ఎండ నుంచి చర్మాన్ని ప్రొటెక్ట్ చేస్తాం, దుమ్ము నుంచి కళ్లని, పాస్‌వర్డ్ పెట్టి ఫైల్‌ని. ఎండేమీ మన మీద పగబట్టి రాలేదు కదా, అందుకే సన్‌స్క్రీన్ రాసుకోవడాన్ని ఎవరన్నా సెల్ఫ్ డిఫెన్స్ అంటే అది జోక్ అవుతుంది, హెల్మెట్ కూడా అంతే, అది ప్రొటెక్షన్. మరి ఒంట్లోకి వైరస్ వస్తే? అక్కడ మాత్రం ఇంగ్లీష్ వాళ్లు వైరస్‌ని శత్రువు కింద లెక్కేస్తారు, "ద బాడీ డిఫెండ్స్ ఇట్‌సెల్ఫ్ అగైన్‌స్ట్ వైరసెస్" అంటారు. వరదని కూడా అంతే, నది ఒడ్డున కట్టే గట్లనీ గోడలనీ ఫ్లడ్ డిఫెన్సెస్ అంటారు, నీళ్లు దండెత్తి వస్తున్నట్టు. అంటే నిజంగా మనిషే దాడి చెయ్యాలని లేదు, చెప్పేవాడి మనసులో అది దాడిలా కనిపిస్తే చాలు.

ఇన్ ఎప్పుడు, ఫర్ ఎప్పుడు

ఎక్కువమంది తడబడేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. ఒకమ్మాయి బ్యాగులో పెప్పర్ స్ప్రే పెట్టుకుని తిరుగుతోంది అనుకోండి. ఇంకా ఏమీ జరగలేదు, ఎందుకు పెట్టుకుంది అనేదే విషయం. "షీ క్యారీస్ పెప్పర్ స్ప్రే ఫర్ సెల్ఫ్ డిఫెన్స్." ఇది ఉద్దేశం, తెలుగులో "కోసం" అని చెప్పే చోటు. ఇప్పుడు రాత్రిపూట ఎవడో వచ్చి చెయ్యి పట్టుకున్నాడు, ఆమె బ్యాగులోంచి తీసి వాడి కళ్లల్లో కొట్టింది. ఆ క్షణం నుంచి వాక్యం మారిపోతుంది, "షీ స్ప్రేడ్ హిమ్ ఇన్ సెల్ఫ్ డిఫెన్స్." స్ప్రే అదే, మనిషి అదే, బ్యాగులో ఉన్నంతసేపూ ఫర్, బయటికొచ్చి పని చేసినప్పుడు ఇన్.

క్లాసులకి వెళ్లేది, వస్తువు కొనుక్కునేది, టెక్నిక్ నేర్చుకునేది అన్నీ ఫర్ కిందకొస్తాయి. కొట్టింది, తోసింది, కాల్చింది, కొరికింది అన్నీ ఇన్ కిందకొస్తాయి. "బై సెల్ఫ్ డిఫెన్స్" అనేది మాత్రం లేదండి, తెలుగులో "ఆత్మరక్షణతో" అనే ఊపులో వచ్చేస్తుంది గానీ లేదు.

ముందు ఏ గానీ ద గానీ పెట్టకండి. "ఇన్ ద సెల్ఫ్ డిఫెన్స్", "ఇట్ వజ్ ఎ సెల్ఫ్ డిఫెన్స్" రెండూ తప్పే, ఉత్తినే "ఇట్ వజ్ సెల్ఫ్ డిఫెన్స్" అనాలి. బహువచనం కూడా లేదు, డిఫెన్సెస్ అని ఉంది, ఇందాక ఫ్లడ్ డిఫెన్సెస్ చూశాం, కానీ సెల్ఫ్ డిఫెన్సెస్ అనరు. తర్వాత ఇంకో మాట వస్తే అప్పుడు ఆర్టికల్ ఆ మాటని బట్టి వస్తుంది, "ఎ సెల్ఫ్ డిఫెన్స్ క్లాస్" అంటే తప్పు లేదు ఎందుకంటే ఆ ఏ క్లాస్‌ది.

క్రియగా వాడాలంటే

"ఐ నో హౌ టు సెల్ఫ్ డిఫెండ్" అని చాలామంది అనేస్తుంటారు, వినేవాళ్లకి అర్థమైపోతుంది కానీ మామూలు ఇంగ్లీష్‌లో అలాంటి క్రియ వాడరు. "ఐ నో హౌ టు డిఫెండ్ మైసెల్ఫ్" అనాలి. ఇది గుర్తుండడానికి మన భాషలోనే దారి ఉంది. కాపాడాను వేరు, కాపాడుకున్నాను వేరు కదా, ఆ మధ్యలో దూరిన "కు" వల్లే అది మన కోసం చేసుకున్న పని అయింది. ఇంగ్లీష్‌లో ఆ "కు" పని చేసేది మైసెల్ఫ్, యువర్‌సెల్ఫ్, హెర్‌సెల్ఫ్. అది వదిలేసి "ఐ డిఫెండెడ్" అని ఆపేస్తే ఎవర్ని అని అవతలివాళ్లు ఎదురుచూస్తారు, ఆటల గురించి మాట్లాడేటప్పుడు తప్ప. అబ్బాయి అయితే హిమ్‌సెల్ఫ్, హిస్‌సెల్ఫ్ కాదు, ఎక్కువమంది అయితే దెమ్‌సెల్వ్స్, దెయిర్‌సెల్ఫ్ కాదు. ఇవి మాట్లాడేటప్పుడు జారిపోయినా పర్లేదు, రాసేటప్పుడు చూసుకోండి.

ఎవడి నుంచి అనేది చెప్పాలంటే అగైన్‌స్ట్ అలవాటు చేసుకోండి. మనకి "నుంచి" అనగానే ఫ్రమ్ వచ్చేస్తుంది, అది తప్పు కాదు, కానీ దాడి ఎదురుగా నిలబడి ఉన్న చోట అగైన్‌స్ట్ ఎక్కువ సహజంగా ఉంటుంది. ప్రొటెక్ట్ దగ్గర ఫ్రమ్ హాయిగా నడిచిపోతుంది.

ఇన్ మై డిఫెన్స్ అంటే వేరే సంగతి

సెల్ఫ్ అనే ముక్క తీసేస్తే అర్థం కొట్లాట నుంచి మాటల్లోకి వచ్చేస్తుంది. మీటింగ్‌కి పావుగంట లేటుగా వెళ్లారు, అందరూ మీ వైపు చూస్తున్నారు, అప్పుడు కాస్త నవ్వుతూ "ఇన్ మై డిఫెన్స్, ద ఇన్వైట్ సెడ్ టెన్ థర్టీ" అంటారు. అంటే లేటయిన మాట నిజమే కానీ నా వైపు నుంచి కూడా ఒక మాట వినండి అని. తప్పు ఒప్పుకుంటూనే సంజాయిషీ చెప్పుకునే చోటు ఇది, అందుకే సరదాగా కూడా బాగా పండుతుంది. ఇక్కడ "ఇన్ మై సెల్ఫ్ డిఫెన్స్" అంటే కుదరదు, మై ఉంటే సెల్ఫ్ వద్దు, సెల్ఫ్ ఉంటే మై వద్దు, రెండూ ఒకే వాక్యంలో ఇమడవు.

ఇంకొకళ్ల తరఫున కూడా వాడొచ్చు, "ఇన్ హర్ డిఫెన్స్, నోబడీ టోల్డ్ హర్" అంటే పాపం ఆవిడకి ఎవరూ చెప్పలేదు అని వెనకేసుకురావడం. నలుగురూ మిమ్మల్ని అంటుంటే ఒకళ్లు లేచి మీ పక్షాన మాట్లాడితే "హి కేమ్ టు మై డిఫెన్స్" అంటారు.

పేపర్లో ఆత్మరక్షణ

ఇది తెలుగు వాళ్లు తేలిగ్గా పడే గుంట. మన పేపర్లు ఆత్మరక్షణని రెండు రకాలుగా వాడతాయి. "ఆత్మరక్షణ కోసం కాల్పులు జరిపారు" అంటే, తెలుగులో "కోసం" ఉన్నా కాల్చడం జరిగిపోయిన పని కాబట్టి, అది ఇన్ సెల్ఫ్ డిఫెన్స్, ఇందులో గొడవ లేదు. "ప్రతిపక్షం ప్రశ్నలతో మంత్రి ఆత్మరక్షణలో పడ్డారు" అన్నప్పుడు మాత్రం అది సెల్ఫ్ డిఫెన్స్ కాదు, ఆన్ ద డిఫెన్సివ్. "ద మినిస్టర్ వజ్ ఆన్ ద డిఫెన్సివ్" అనాలి, ఇక్కడ ద తప్పకుండా ఉండాలి. ఎవరన్నా అలా ఇరకాటంలోకి నెడితే "పుట్ హిమ్ ఆన్ ద డిఫెన్సివ్". ట్రాన్స్‌లేషన్ పని చేసేవాళ్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు, "ద గవర్నమెంట్ ఫెల్ ఇంటు సెల్ఫ్ డిఫెన్స్" లాంటి వాక్యాలు బయటికి రావు.

ఇదే డిఫెన్సివ్ మనుషులకి తగిలిస్తే ఇంకో రంగు వస్తుంది. ఆఫీసులో ఒకావిడ పక్క సీటతనితో, "ఈ రిపోర్టులో మూడో పేజీ లెక్క ఒకసారి చూస్తారా" అంది. అతను వెంటనే "అంటే ఏంటండీ, నేను చూడకుండా పంపేస్తాననుకుంటున్నారా, రాత్రి పదకొండింటి దాకా కూర్చుని చేశాను, డేటా ఇచ్చినవాళ్లు లేటుగా ఇచ్చారు, దానికి నేనేం చెయ్యను" అని అందుకున్నాడు. ఆవిడ అడిగింది ఒక్క లెక్క. ఇదిగో దీన్నే "హి గాట్ డిఫెన్సివ్" అంటారు. మనకి గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అనే సామెత ఉంది కదా, దానికి చాలా దగ్గర, కాకపోతే ఒక తేడా ఉంది. మన సామెతలో వాడే దొంగ అనే అనుమానం గట్టిగా ఉంటుంది, డిఫెన్సివ్‌లో అది ఉండాలని లేదు, ఏ తప్పూ చెయ్యని మనిషి కూడా పాత అనుభవాల వల్ల డిఫెన్సివ్ అయిపోవచ్చు. దాడి లేని చోట దాడి ఉందనుకోవడం, అంతే. బై ద వే, ఎదుటి మనిషిని "డోంట్ బి సో డిఫెన్సివ్" అన్నారంటే వాళ్లు ఇంకా ఎక్కువ అవుతారు, గ్రామర్ పరంగా కరెక్టే కానీ ఆ వాక్యం నోట్లోనే ఉంచుకోవడం మంచిది.

డిఫెన్సివ్ అంటే ఎప్పుడూ తిట్టు అనుకోకండి. డిఫెన్సివ్ డ్రైవింగ్ అంటే మెచ్చుకోలే, పక్కవాడు ఏ క్షణానైనా తప్పు చేస్తాడని ముందే అనుకుని, దూరం పాటిస్తూ, అద్దాల్లో చూసుకుంటూ నడపడం. డిఫెన్సివ్ మెడిసిన్ మాత్రం అటూ ఇటూ కాని మాట, రేపు పేషెంట్ కేసు వేస్తాడేమో అన్న భయంతో డాక్టర్ అవసరానికి మించి టెస్టులు రాయడాన్ని అలా అంటారు.

ముందు, అప్పుడు, తర్వాత

మాట అర్థంలోనే టైమ్ ఉంది, ఇది చాలామంది పట్టించుకోరు. నిన్న ఎవడో కొట్టాడు, ఇవాళ వెతుక్కుంటూ వెళ్లి వాణ్ని కొట్టి వచ్చి సెల్ఫ్ డిఫెన్స్ అంటే ఇంగ్లీష్‌లో చెల్లదు. అది రిటాలియేషన్, ఇంకా మామూలుగా చెప్పాలంటే రివెంజ్. వాడు రేపు కొడతాడేమో అని ఇవాళే మనం కొట్టేస్తే అది ప్రీఎంప్టివ్ స్ట్రైక్. దెబ్బ మీదకి వస్తున్నప్పుడు, తప్పించుకునే వేరే దారి లేనప్పుడు, దాన్ని ఆపడానికి కావాల్సినంత మేరకే చేసింది సెల్ఫ్ డిఫెన్స్. రాసేటప్పుడు ఈ మూడింటిలో ఏ మాట పెడుతున్నారో చూసుకోండి, ఎందుకంటే మాట మారితే తీర్పే మారిపోతుంది.

దీని మీద దేశాలే వాదులాడుకున్నాయి. 1837 చివర్లో నయాగరా నది దగ్గర కరోలిన్ అనే అమెరికన్ స్టీమర్‌ని బ్రిటిష్ బలగాలు తగలబెట్టి నదిలోకి వదిలేశాయి, కెనడాలో తిరగబడ్డ వాళ్లకి ఆ ఓడ సరుకులు చేరవేస్తోంది కాబట్టి మేం చేసింది సెల్ఫ్ డిఫెన్స్ అని వాదించాయి. అమెరికా విదేశాంగ మంత్రి డేనియల్ వెబ్‌స్టర్ 1841లో రాసిన జవాబులో ఏమన్నాడంటే, అలా అనాలంటే ఆ అవసరం అప్పటికప్పుడు వచ్చి మీదపడింది అయ్యుండాలి, తట్టుకోలేనిది అయ్యుండాలి, వేరే మార్గం ఎంచుకునే వీలు గానీ ఆలోచించే టైమ్ గానీ లేనిది అయ్యుండాలి అని. అంతర్జాతీయ న్యాయశాస్త్రం చదివేవాళ్లు ఇప్పటికీ ఆ వాక్యాన్నే పట్టుకుని చర్చిస్తారు. తర్వాత 1945లో ఐక్యరాజ్యసమితి చార్టర్ రాసినప్పుడు 51వ ఆర్టికల్‌లో ఈ మాటే పెట్టారు, సాయుధ దాడి జరిగితే ఒక దేశం ఒంటరిగా గానీ ఇతర దేశాలతో కలిసి గానీ సెల్ఫ్ డిఫెన్స్ చేసుకోవచ్చని. అందుకే న్యూస్‌లో ఏ దేశం ఎవరి మీద బాంబు వేసినా మొదటి స్టేట్‌మెంట్‌లోనే "రైట్ టు సెల్ఫ్ డిఫెన్స్" అని వినిపిస్తుంది, అది ఊరికే వాడే మాట కాదు, ఆ ఆర్టికల్ గొడుగు కిందకి వెళ్లడం అన్నమాట.

కోర్టు వార్తలు రాసేటప్పుడు దీని పక్కన వచ్చే క్రియలు కూడా తెలిసుండాలి. నిందితుడు సెల్ఫ్ డిఫెన్స్ క్లెయిమ్ చేస్తాడు, లేదా ప్లీడ్ చేస్తాడు, "సెడ్ సెల్ఫ్ డిఫెన్స్" అని రాయకండి. కేసు ఎదుర్కొనే మనిషి డిఫెండెంట్, అతని తరఫు లాయర్ల జట్టు మొత్తాన్ని కలిపి ద డిఫెన్స్ అంటారు. డిఫెండర్ అంటే వేరు, కాపాడే మనిషి, ఫుట్‌బాల్‌లో గోల్ ముందు ఉండేవాడు. ఈ రెండూ తారుమారు అయితే నిందితుడు కాస్తా వీరుడైపోతాడు.

చుట్టాల్లాంటి మాటలు

సెల్ఫ్ ప్రిజర్వేషన్ అంటే ప్రాణం నిలబెట్టుకోవాలన్న సహజమైన తపన. పాము కనపడగానే కాళ్లు వాటంతటవే వెనక్కి వెళ్తాయి చూడండి, అది. పారిపోవడం కూడా ఇందులోకే వస్తుంది, పారిపోతే దాన్ని మామూలుగా సెల్ఫ్ డిఫెన్స్ అనరు, తిరగబడితే అంటారు. అయితే సెల్ఫ్ డిఫెన్స్ నేర్పే మంచి టీచర్లు ముందు నేర్పేది మాత్రం పారిపోయే దారి చూసుకోమనే, అది వేరే విషయం.

సెల్ఫ్ ప్రొటెక్షన్ వీటన్నిటికంటే వదులు మాట, మాస్క్ నుంచి ఇన్సూరెన్స్ దాకా ఏదైనా పడుతుంది. సేఫ్‌గార్డ్ ఎక్కువగా హక్కులకీ పిల్లలకీ డేటాకీ వాడతారు, వ్యవస్థలు చేసే పని. గార్డ్ అంటే కన్నార్పకుండా కాపలా, అందులోంచే "కాట్ ఆఫ్ గార్డ్" వచ్చింది, ఏమరుపాటులో దొరికిపోవడం.

ఫెండ్ ఆఫ్, ఫెండ్ ఫర్ దగ్గర జాగ్రత్త. ఫెండ్ అనేది డిఫెండ్‌లోంచి తెగిపడ్డ ముక్కే, "షీ ఫెండెడ్ ఆఫ్ ద డాగ్" అంటే మీదకొచ్చిన కుక్కని తరిమికొట్టింది అని. కానీ "షీ హాడ్ టు ఫెండ్ ఫర్ హర్‌సెల్ఫ్" అంటే దాడేమీ లేదు, ఎవరి సాయమూ లేకుండా తన బతుకు తను చూసుకోవాల్సొచ్చింది అని. హర్‌సెల్ఫ్ కనపడింది కదా అని దీన్ని ఆత్మరక్షణ అని తెలుగు చేస్తే కథే మారిపోతుంది. మొదట్లో వేసుకున్న "దాడి ఉందా లేదా" అనే ప్రశ్నతో దీని అర్థం తేలదు, దీన్ని విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే.

స్టాండ్ అప్ ఫర్ యువర్‌సెల్ఫ్ కూడా అలవాటు చేసుకోండి, నోరు మూసుకుని పడి ఉండకుండా మన మాట మనం గట్టిగా చెప్పుకోవడం. రోజువారీ జీవితంలో కొట్లాటలకంటే ఇదే ఎక్కువ అవసరం పడుతుంది.

ఆటల్లో, చదువుల్లో

క్రికెట్ చూసేవాళ్లకి డిఫెన్స్ కొత్తేమీ కాదు, బంతిని కొట్టకుండా ఆపడం డిఫెన్స్. కొట్టిన స్కోర్‌ని అవతలి టీమ్ దాటకుండా ఆపితే "డిఫెండెడ్ ద టోటల్", ఇక్కడ దాడి చేసేది ఛేజింగ్ చేస్తున్న వాళ్లు. ఛాంపియన్ టైటిల్ డిఫెండ్ చేసుకుంటాడు, గుంజుకోవడానికి ఎవరో వస్తారు కాబట్టి. చదరంగంలో సిసిలియన్ డిఫెన్స్, ఫ్రెంచ్ డిఫెన్స్, కారో కాన్ డిఫెన్స్ అన్నీ నల్లపావులు ఆడేవాళ్ల ఓపెనింగులే, తెల్లవాళ్లు ముందు ఎత్తు వేస్తారు కాబట్టి దానికి జవాబు డిఫెన్స్ అయింది. పాత ఇంగ్లీష్ పుస్తకాల్లో "నోబుల్ ఆర్ట్ ఆఫ్ సెల్ఫ్ డిఫెన్స్" అని కనపడితే బాక్సింగ్ అని అర్థం చేసుకోండి. పీహెచ్‌డీ వాళ్లకి థీసిస్ డిఫెన్స్ ఉంటుంది, ఎగ్జామినర్లు ప్రశ్నలతో దాడి చేస్తారని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

సైకాలజీలో డిఫెన్స్ మెకానిజం అని ఉంది, సిగ్మండ్ ఫ్రాయిడ్ మొదలుపెట్టిన ఆలోచన, ఆయన కూతురు అన్నా ఫ్రాయిడ్ దాన్ని పద్ధతిగా విడమరిచి రాసింది. బాధ కలిగించే నిజం నుంచి మనసు తనకి తెలియకుండానే తప్పుకోవడం అన్నమాట, నిజాన్ని ఒప్పుకోకపోవడం, మన కోపాన్ని అవతలివాళ్లకి అంటగట్టడం లాంటివి. జనం ఇప్పుడు దీన్ని తేలిగ్గా వాడేస్తున్నారు, "జోకులెయ్యడం వాడి డిఫెన్స్ మెకానిజం" అని. మామూలు మాటల్లో పర్లేదు. కానీ కావాలని ముందే ఆలోచించి చేసే పనిని అలా అనకండి, తెలియకుండా జరగడమే అందులో అసలు సంగతి.

స్పెల్లింగ్

బ్రిటిష్ ఇంగ్లీష్‌లో డిఫెన్స్ చివర సి తర్వాత ఈ, అమెరికన్‌లో ఎస్ తర్వాత ఈ. రెండూ కరెక్టే, ఒకే డాక్యుమెంట్‌లో రెండూ కలపకపోతే చాలు. డిఫెన్సివ్‌కి, డిఫెన్సిబుల్‌కి మాత్రం ఎక్కడైనా ఎస్సే, బ్రిటిష్ కదా అని అక్కడ కూడా సి పెడితే తప్పు. డిఫెన్స్‌లెస్ మళ్లీ దేశాన్ని బట్టి మారుతుంది. మంత్రిత్వ శాఖల్లాంటి పేర్లు వాళ్లెలా రాసుకుంటే మనమూ అలాగే ఉంచాలి, బ్రిటన్ మినిస్ట్రీని మన స్టైల్ అమెరికన్ కదా అని ఎస్‌తో మార్చకూడదు. సెల్ఫ్‌కీ డిఫెన్స్‌కీ మధ్య చిన్న గీత ఉండాలి, ఫోన్‌లో టైప్ చేసేటప్పుడు అందరూ వదిలేస్తారు, చాటింగ్‌లో ఎవరూ పట్టించుకోరు గానీ అప్లికేషన్లోనో రిపోర్టులోనో రాసేటప్పుడు పెట్టండి. పలికేటప్పుడు ఒత్తు "ఫెన్స్" మీద వెయ్యాలి, ఆటల గురించి మాట్లాడే అమెరికన్లు మాత్రం "డీఫెన్స్" అని ముందు ముక్కని లాగుతారు, అది విని మన ఉచ్చారణ తప్పేమో అనుకుని మార్చుకోకండి, అది వాళ్ల స్టేడియం అలవాటు, సెల్ఫ్ డిఫెన్స్ అనేటప్పుడు వాళ్లు కూడా మామూలుగానే అంటారు.